జంట క్వేసార్‌ను మీ టెలిస్కోప్‌తో ఫొటో తీసి, సరిచూసుకోవడం ఎలా?

గురుత్వ కటకం (దూరపు వెలుగును తన గురుత్వంతో వంచే గెలాక్సీ లాంటి భారీ వస్తువు) ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది: ఒకే క్వేసార్ (బహుదూరంలో మహా ప్రకాశంగా వెలిగే గెలాక్సీ కేంద్రం) రెండుగా కనిపిస్తుందన్న సంగతిని హబుల్ ఫొటోలు చూసి నమ్మవలసిందేనా, మా టెలిస్కోప్‌తో మేమే తీయలేమా? తీయవచ్చు. 200 మి.మీ. అద్దమున్న టెలిస్కోప్, నక్షత్రాల వెంట నిలకడగా తిరిగే మౌంట్, ఒక మోస్తరు కెమెరా, చంద్రుడు లేని మంచి రాత్రి ఒకటి ఉంటే చాలు. అయితే ఫొటోలో మీకు దక్కేది ఒకదాని పక్కన ఒకటి ఉన్న రెండు చిన్న చుక్కలు మాత్రమే. ఆ రెండు చుక్కలూ ఆకాశంలో ఉన్నవేనని, మీ పరికరమో సాఫ్ట్‌వేరో పుట్టించినవి కావని తేల్చుకోవడమే ఈ పనిలో అసలు భాగం. అందుకే ఫొటో తీయడం కంటే సరిచూసుకోవడం గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

మన లక్ష్యం పేరు క్యూ 0957+561. సప్తర్షి మండలాన్ని తనలో ఇముడ్చుకున్న ఉర్సా మేజర్ రాశిలో ఉంది. 1979లో డెన్నిస్ వాల్ష్, రాబర్ట్ కార్స్‌వెల్, రే వేమన్ అమెరికాలోని కిట్ పీక్‌లో ఉన్న 2.1 మీటర్ల టెలిస్కోప్‌తో ఈ రెండు చుక్కల వర్ణపటాలను తీసి చూస్తే, రెండింటి రెడ్‌షిఫ్టూ (విశ్వం విస్తరించడం వల్ల వెలుగు ఎరుపు వైపు జరిగిన మేర) ఒకటే అయింది: సుమారు 1.41. దాదాపు 900 కోట్ల ఏళ్ల కిందట బయలుదేరిన వెలుగు, దారి మధ్యలో ఉన్న ఒక గెలాక్సీ, అది ఉన్న గెలాక్సీల గుంపు కలిసి వంచడం వల్ల రెండు దారుల్లో మన దగ్గరికి వస్తోంది. అలా గుర్తించిన మొట్టమొదటి గురుత్వ కటకం ఇదే. ఉత్తరం వైపు చుక్కను ఎ అని, దక్షిణం వైపు చుక్కను బి అని పిలుస్తారు. రెండూ సుమారు 16.5 నుంచి 17 మాగ్నిట్యూడ్ మధ్య ఉంటాయి (ఇది వెలుగు కొలమానం, అంకె పెరిగే కొద్దీ చుక్క మసకబారుతుంది), వాటి మధ్య దూరం 6 ఆర్క్‌సెకన్లకు కాస్త పైన (డిగ్రీలో 60వ వంతు ఆర్క్‌నిమిషం, 3600వ వంతు ఆర్క్‌సెకను). సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే ఈ పనికి సరిపోతుంది.

ఒకే క్వేసార్ నాలుగుగా కనిపించే ఐన్‌స్టీన్ క్రాస్‌తో ఎందుకు మొదలుపెట్టకూడదని చాలామంది అడుగుతారు. పెగసస్ రాశిలోని ఆ నాలుగు చుక్కలు రెండు ఆర్క్‌సెకన్లు కూడా లేని వెడల్పులో ఇమిడి, ముందున్న గెలాక్సీ వెలుగులో మునిగి ఉంటాయి. మామూలు రాత్రుల్లో మన వాతావరణమే అంతకంటే ఎక్కువగా చుక్కను చెదరగొడుతుంది. చేయి తిరిగేదాకా జంట క్వేసార్‌తోనే పని చేయడం మంచిది.

కావలసినవి

- 150 మి.మీ. లేదా అంతకంటే పెద్ద టెలిస్కోప్. 200 మి.మీ. ఉంటే పని తేలికవుతుంది. ఫోకల్ లెంగ్త్ 800 నుంచి 2000 మి.మీ. మధ్య ఉంటే మేలు.
- సరిగ్గా ధ్రువానికి అమర్చగలిగిన ఈక్వటోరియల్ మౌంట్, వీలైతే ఆటోగైడర్ (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్ తప్పులను సరిదిద్దే చిన్న కెమెరా).
- కూల్డ్ సీమాస్ కెమెరా (సెన్సర్‌ను చల్లబరిచే ఖగోళ కెమెరా) లేదా డీఎస్‌ఎల్‌ఆర్. నలుపు తెలుపు కెమెరా అయితే వెలుగు ఎక్కువ అందుతుంది, కలర్ కెమెరా అయినా పని జరుగుతుంది.
- ఫోకస్ కోసం బాటినోవ్ మాస్క్ (టెలిస్కోప్ ముందు పెట్టే చీలికల మూత).
- ఫ్రేములను కలపడానికి సిరిల్, డీప్‌స్కైస్టాకర్, అస్టాప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఏదైనా ఒకటి.

నెబ్యులాల కోసం వాడే నారోబ్యాండ్ ఫిల్టర్లను ఇక్కడ వాడవద్దు. అవి క్వేసార్ వెలుగులో ఎక్కువ భాగాన్ని ఆపేస్తాయి.

చేయవలసిన పని, వరుసగా

1. ముందుగా మీ కెమెరా, టెలిస్కోప్ జోడీ 6 ఆర్క్‌సెకన్లను విడదీయగలదో లేదో లెక్క వేసుకోండి. పిక్సెల్ కొలతను మైక్రాన్లలో తీసుకుని 206.265తో గుణించి, ఫోకల్ లెంగ్త్ మి.మీ.తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని ఆర్క్‌సెకన్లో వస్తుంది. ఉదాహరణకు 3.76 మైక్రాన్ల పిక్సెల్, 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ అయితే 0.78 వస్తుంది. అంటే రెండు చుక్కల మధ్య దాదాపు 8 పిక్సెళ్లు ఉంటాయి, ఇది చక్కని స్థితి. అదే కెమెరాను 400 మి.మీ. లెన్స్‌కు తగిలిస్తే పిక్సెల్‌కు 1.94 వస్తుంది. అప్పుడు మధ్యలో మూడే పిక్సెళ్లు మిగులుతాయి కాబట్టి రెండు చుక్కలకు బదులు ఒక కోడిగుడ్డు ఆకారం కనిపిస్తుంది. మీ లెక్క 1.5 దాటితే ఫోకల్ లెంగ్త్‌ను పెంచే బార్లో లెన్స్ వేసుకోండి. 0.4 కంటే తగ్గితే 2×2 బిన్నింగ్ (నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలపడం) పెట్టుకోండి.

2. రాత్రిని ఎంచుకోండి. ఈ క్వేసార్ ఫిబ్రవరి మూడో వారం ప్రాంతంలో అర్ధరాత్రి వేళ ఆకాశంలో తన అత్యధిక ఎత్తుకు చేరుతుంది, కాబట్టి జనవరి నుంచి మే వరకు అనుకూలమైన కాలం. మీరున్న చోటి అక్షాంశానికి, 56 డిగ్రీలకు మధ్య ఉన్న తేడాను 90లోంచి తీసేస్తే ఆ అత్యధిక ఎత్తు వస్తుంది. 20 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో అది 54 డిగ్రీలు. అక్కడికి చేరడానికి రెండు గంటల ముందు, చేరిన తర్వాత రెండు గంటలు మాత్రమే ఫొటోలు తీయండి. ఆకాశం నల్లగా ఉండడం కంటే గాలి నిలకడగా ఉండడం ఈ పనికి ముఖ్యం. నక్షత్రాలు గట్టిగా మిణుకుమనే రాత్రి ఎంత చీకటిగా ఉన్నా వదిలేయండి.

3. అసలు లక్ష్యానికి ముందు ఒక రిహార్సల్ చేయండి. పునర్వసు జంటలోని కాస్టర్ స్వయంగా ఒక జంట నక్షత్రం. దాని రెండు భాగాల మధ్య దూరం ఇప్పుడు సుమారు 5.5 ఆర్క్‌సెకన్లు, అంటే మన క్వేసార్ ఎడం కంటే కొంచెమే తక్కువ. సెకనులో చిన్న భాగం ఎక్స్‌పోజర్‌తో దాన్ని తీసి చూడండి. రెండుగా విడిపోతే మీ ఫోకస్, అద్దాల అమరిక, ఆ రాత్రి గాలి అన్నీ బాగున్నట్టే. విడిపోకపోతే టెలిస్కోప్‌ను ఇంకో అరగంట బయటి చల్లదనానికి అలవాటు పడనిచ్చి, కాలిమేషన్ (అద్దాల అమరిక) సరిచేసి, మళ్లీ చూడండి. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి: కాస్టర్ పరీక్ష అద్దాన్ని, గాలిని మాత్రమే పరీక్షిస్తుంది. ఎక్స్‌పోజర్ అంత చిన్నది కాబట్టి మౌంట్ లోపాలు అందులో బయటపడవు.

4. దారి పట్టుకోండి. ఉర్సా మేజర్‌లోని ఫై నక్షత్రం నుంచి ఈశాన్యంగా సుమారు 2 డిగ్రీలు జరిగితే ఎన్‌జీసీ 3079 అనే గెలాక్సీ వస్తుంది. అది మనకు అంచు వైపు నుంచి కనిపిస్తుంది కాబట్టి, ఒక్క నిమిషం ఎక్స్‌పోజర్‌లోనే సన్నని పొడుగాటి గీతలా బయటపడుతుంది. ఆ గీత ఇంచుమించు ఉత్తర దక్షిణాలుగా, ఉత్తరపు కొస కాస్త పడమరకు వాలి ఉంటుంది. ఆ కొసను అదే దిశలో పొడిగించుకుంటూ పోతే, గెలాక్సీ కేంద్రం నుంచి 14 ఆర్క్‌నిమిషాల దూరంలో, మీ ఊహారేఖకు కొద్దిగా పడమరగా క్వేసార్ ఉంటుంది. ప్రకృతి పెట్టిన బాణం గుర్తు లాంటి ఈ గెలాక్సీని ఫ్రేములో ఉండేలా చూసుకుంటే తర్వాత మీకు అన్నివిధాలా మేలు జరుగుతుంది.

గోటూ మౌంట్ (స్థానం ఇస్తే తానే అటు తిరిగే మౌంట్) ఉన్నవారు విషువాంశం 10 గంటల 1 నిమిషం 21 సెకన్లు, క్రాంతి +55 డిగ్రీల 53 నిమిషాల 53 సెకన్లు అని ఇవ్వాలి. భూమి మీది రేఖాంశం, అక్షాంశం లాంటివే ఆకాశంలో ఈ రెండూ. సాఫ్ట్‌వేర్లలో ఇవి ఆర్‌ఏ, డెక్ అనే గళ్లలో ఉంటాయి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. క్వేసార్ పేరులోని 0957, 561 అంకెలు చూసి 9 గంటల 57 నిమిషాలు, 56.1 డిగ్రీలు అని కొట్టేస్తారు. ఆ అంకెలు 1950 నాటి నిర్దేశాంకాల లెక్కలోవి. వాటిని 2000 నాటి లెక్కలో నడిచే మౌంట్‌కు ఇస్తే టెలిస్కోప్ అర డిగ్రీకి పైగా పక్కకు చూస్తుంది, గంటల తరబడి తీసినా క్వేసార్ మీ ఫ్రేములోకి రాకపోవచ్చు.

5. ఫొటోలు తీయండి. ఎఫ్/5 టెలిస్కోప్ (ఫోకల్ లెంగ్త్ అద్దం వ్యాసానికి ఐదు రెట్లున్నది) అయితే ఒక్కొక్కటి 60 సెకన్ల చొప్పున 60 నుంచి 90 ఫ్రేములు తీయండి. గైడర్ లేకపోతే 20 లేదా 30 సెకన్ల ఫ్రేములు ఎక్కువ సంఖ్యలో తీయండి. ఐదు నిమిషాల పెద్ద ఎక్స్‌పోజర్లు వద్దనే చెబుతాను, ఎందుకంటే చిన్న ఫ్రేములుంటే గాలి చెదిరిన వాటిని ఏరి పారేసే వీలుంటుంది. ప్రతి రెండు మూడు ఫ్రేములకు ఒకసారి మౌంట్‌ను కొద్ది పిక్సెళ్లు అటూ ఇటూ జరపండి. డిథరింగ్ అనే ఈ పనిని చాలా కెమెరా సాఫ్ట్‌వేర్లు వాటంతటవే చేస్తాయి. ఇది చేయకపోతే ఒక హాట్ పిక్సెల్ (వెలుగు పడకపోయినా వెలిగే లోపమున్న పిక్సెల్) సరిగ్గా క్వేసార్ పక్కన కూర్చుని మూడో చుక్కగా మిమ్మల్ని మోసం చేయగలదు. ఆ రాత్రికి కావలసిన డార్క్, ఫ్లాట్, బయాస్ ఫ్రేములు (కెమెరా, టెలిస్కోప్ లోపాలను ఫొటోలోంచి తీసేయడానికి వాడే ఫ్రేములు) కూడా తీసిపెట్టుకోండి. ఉష్ణోగ్రత మారే కొద్దీ ఫోకస్ జారుతుంది కాబట్టి గంటకొకసారి బాటినోవ్ మాస్క్ పెట్టి చూడండి.

6. ఏరి కలపండి. స్టాకింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములోనూ నక్షత్రాల సగటు వెడల్పును ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం అనే పేరుతో చూపిస్తుంది. ఆ అంకెను మీ పిక్సెల్ స్కేల్‌తో గుణిస్తే ఆర్క్‌సెకన్లు వస్తాయి. అది 4 దాటిన ఫ్రేములను నిర్దాక్షిణ్యంగా తీసేయండి. 90 ఫ్రేముల్లో 40 మాత్రమే మిగిలినా ఫరవాలేదు. మిగిలిన వాటిని డార్క్, ఫ్లాట్, బయాస్ ఫ్రేములతో క్యాలిబ్రేట్ చేసి, అలైన్ చేసి, సిగ్మా రిజెక్షన్‌తో (మిగతా ఫ్రేములతో పొసగని పిక్సెళ్లను వదిలేసే పద్ధతి) కలపండి.

ఈ అంకె ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. రెండు సమానమైన చుక్కలు 6 ఆర్క్‌సెకన్ల ఎడంలో ఉండి, వాటి వెలుగు గంట ఆకారంలో పరుచుకుందనుకుందాం. ఎఫ్‌డబ్ల్యూహెచ్‌ఎం 3 అయితే మధ్య లోయలో వెలుగు శిఖరంలో ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అంటే చుక్కలు తెగినట్టు విడిగా కనిపిస్తాయి. 4 అయితే లోయలో సుమారు 40 శాతం వెలుగు ఉంటుంది, అయినా విడిపోయినట్టే తెలుస్తుంది. 5 అయితే ముప్పావు వంతు మిగిలి, నడుము సన్నగా ఉన్న ఒకే ముద్దలా ఉంటుంది. 6కు చేరితే లోయ దాదాపు కనుమరుగవుతుంది. తర్వాత మీరు ఎంత ప్రాసెసింగ్ చేసినా ఈ లెక్కను దాటలేరు.

7. ప్లేట్ సాల్వ్ చేయండి. కలిపిన ఫొటోను అస్టాప్‌కు గాని సిరిల్‌కు గాని ఇస్తే ప్రతి పిక్సెల్‌కూ ఆకాశంలోని స్థానం తెలుస్తుంది. ఆ తర్వాత పైన చెప్పిన నిర్దేశాంకాల దగ్గరికి వెళ్లి 400 శాతం జూమ్ చేయండి.

8. స్ట్రెచ్‌ను (మసక భాగాలు కనబడేలా ఫొటోను వెలిగించడాన్ని) అదుపులో ఉంచండి. గెలాక్సీ బాగా కనబడాలని ఫొటోను గట్టిగా వెలిగిస్తే రెండు చుక్కలూ ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. గెలాక్సీ కోసం ఒక కాపీ, క్వేసార్ కోసం మరో కాపీ పెట్టుకుని, రెండోదానిలో ఆ చుక్కల మధ్యభాగం పూర్తి తెలుపుకు చేరకుండా చూసుకోండి. షార్పెనింగ్, డీకన్వల్యూషన్ (మసకను లెక్కతో వెనక్కి తీసే పద్ధతి), కృత్రిమ మేధతో నక్షత్రాలను సన్నబరిచే ఉపకరణాలు ఈ కాపీ మీద అసలే వాడవద్దు. నడుము ఉన్న ముద్దను రెండు ముక్కలుగా కోసి చూపించడం వాటికి తేలిక. అలా వచ్చిన ఫొటో చూడడానికి ఎంత అందంగా ఉన్నా, మీరు తీసినదేమిటో అది చెప్పదు.

దొరికింది క్వేసారేనా? సరిచూసుకునే తీరు

మొదటిసారి ఈ జంటను తీసినప్పుడు తెర మీద రెండు చుక్కలు చూసి నేను పొంగిపోయాను. పొద్దున్నే నెమ్మదిగా చూస్తే ఆ ఫ్రేములోని ప్రతి నక్షత్రానికీ పక్కన అదే దిశలో, అదే దూరంలో ఒక నీడ చుక్క ఉంది. రాత్రి మధ్యలో మౌంట్ ఎక్కడో చిన్నగా జారింది, అలైన్‌మెంట్ దాన్ని పట్టుకోలేదు. అప్పటినుంచి ఈ నాలుగు పరీక్షలూ పూర్తయ్యేదాకా ఫొటోను ఎవరికీ చూపించడం లేదు.

మొదటిది, చుట్టూ ఉన్న నక్షత్రాల పరీక్ష. క్వేసార్‌కు ఐదారు ఆర్క్‌నిమిషాల లోపల అంతే వెలుగున్న నాలుగైదు నక్షత్రాలను జూమ్ చేయండి. అవి ఒంటరిగా, గుండ్రంగా ఉండి, క్వేసార్ మాత్రమే రెండుగా ఉంటే తప్పు మీ పరికరంలో లేదు. ఇదొక్కటి తప్పితే మిగతా పరీక్షలకు వెళ్లనక్కరలేదు.

రెండోది, దూరం, దిశ. ప్లేట్ సాల్వ్ చేసిన ఫొటోలో ఒక్కో చుక్క కేంద్రాన్ని కొలవండి. విషువాంశం గంటలు, నిమిషాలు రెండింటికీ ఒకటే: 10 గంటల 1 నిమిషం. ఆపైన ఎ స్థానం 20.7 సెకన్లు, బి స్థానం 20.8 సెకన్లు. క్రాంతిలో ఎ +55 డిగ్రీల 53 నిమిషాల 55.6 సెకన్ల దగ్గర, బి 49.5 సెకన్ల దగ్గర ఉండాలి. ఎ నుంచి చూస్తే బి దాదాపు నేరుగా దక్షిణాన, కొంచెం తూర్పుకు ఒరిగి ఉంటుంది. ఉత్తరం నుంచి తూర్పు మీదుగా కొలిస్తే ఆ కోణం 168 డిగ్రీల దరిదాపుల్లో రావాలి. అరలు, పావులు ఆర్క్‌సెకన్ల తేడా సహజమే గాని, దిశ తలకిందులైతే మీ ఫొటో అద్దంలో బొమ్మలా తిరగబడిందేమో చూసుకోండి. డయాగనల్ (వెలుగును పక్కకు తిప్పే అద్దం) వాడినవారికి ఇది తరచూ జరుగుతుంది.

మూడోది, లోయ పరీక్ష. ఎ నుంచి బి మీదుగా ఒక గీత గీసి, ఆ గీత పొడవునా వెలుగు ఎలా మారిందో గ్రాఫ్ చూడండి. ఆస్ట్రోఇమేజ్‌జె వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ వీలుంది. స్ట్రెచ్ చేయని అసలు ఫైలు మీదే ఈ పని చేయాలి. రెండు శిఖరాలు, మధ్యలో లోయ, ఆ లోయ లోతు ఆరో మెట్టులో చెప్పిన లెక్కకు దగ్గరగా ఉంటే నమ్మవచ్చు. లెక్క ప్రకారం రావలసిన దానికంటే లోయ చాలా లోతుగా ఉందంటే ఎక్కడో ఏదో షార్పెనింగ్ దొర్లిందని అనుమానించండి.

నాలుగోది, రంగు. కటకం అన్ని రంగుల వెలుగునూ ఒకే మేరకు వంచుతుంది కాబట్టి రెండు చుక్కలూ ఇంచుమించు ఒకే నీలి ఛాయ తెలుపులో ఉండాలి. అయితే వెలుగును వంచిన గెలాక్సీ బి కి సుమారు ఒక ఆర్క్‌సెకను దూరంలోనే ఉంది. దాని ఎర్రటి వెలుగు బి లో కొద్దిగా కలుస్తుంది. అందువల్ల బి లో ఎరుపు పాలు అతి స్వల్పంగా ఎక్కువగా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. ఆ గెలాక్సీని విడిగా చూపించడం మాత్రం మన స్థాయి టెలిస్కోప్‌కు సాధ్యం కాదు. వంపు తిరిగిన కాంతి చాపాల కోసం కూడా వెతకవద్దు.

రెండింటి రెడ్‌షిఫ్టూ ఒకటేనని మీరే తేల్చాలనుకుంటే అందుకు వర్ణపటం కావాలి. 17 మాగ్నిట్యూడ్ దగ్గర అది చాలా పెద్ద అద్దాల పని. ఆ కోరిక ఉన్నవారు ముందు కన్య రాశిలోని 3సీ 273 మీద చేయి సాధన చేయండి. సుమారు 12.9 మాగ్నిట్యూడ్ ఉన్న ఆ క్వేసార్ రెడ్‌షిఫ్ట్ 0.158. ఫిల్టర్ స్థానంలో బిగించే చిన్న గ్రేటింగ్‌తో (వెలుగును రంగులుగా విడదీసే గాజు పలక) కూడా, మామూలుగా 486 నానోమీటర్ల దగ్గర ఉండే హైడ్రోజన్ గీత 563 దగ్గరికి జరిగిపోయి కనిపిస్తుంది.

టెలిస్కోప్ లేకపోతే

ఇంటర్నెట్‌లో ఆకాశం ఫొటోలు చూపే అలాడిన్ లైట్ గాని, స్లోన్ సర్వే వారి స్కైసర్వర్ గాని తెరిచి పైన ఇచ్చిన నిర్దేశాంకాలు ఇవ్వండి. సర్వే ఫొటోల్లో రెండు నీలి చుక్కలు స్పష్టంగా ఉంటాయి. సొంత ఫొటో తీసినవారు కూడా ఈ పని తప్పక చేసి, రెండు ఫొటోలనూ ఒకే స్కేలుకు, ఒకే దిశకు తెచ్చి పక్కపక్కన పెట్టుకోవాలి. కంటితో చూడాలనే ఆశ ఉంటే, సాధారణంగా 350 లేదా 400 మి.మీ. పైబడిన అద్దం, నిజంగా చీకటిగా ఉన్న ఆకాశం కావాలి. అక్కడ కూడా అది చూపు పక్కకు తిప్పితే మెరిసి మాయమయ్యే మసక చుక్కలా ఉంటుంది.

ఫొటో బాగా వచ్చాక

అసలు ఫ్రేములను చెరిపేయవద్దు. ఫైలు పేరులో తేదీ, ఫిల్టర్, ఎక్స్‌పోజర్ రాసి భద్రపరచండి. క్వేసార్ వెలుగు స్థిరంగా ఉండదు, కాస్త హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. రెండు దారుల పొడవులు, వాటి మీద గురుత్వ ప్రభావం వేరు కాబట్టి, ఎ లో వచ్చిన మార్పు బి లో 417 రోజులు ఆలస్యంగా కనిపిస్తుంది. ఈ ఆలస్యం ఎంత అన్న దాని మీద శాస్త్రవేత్తల మధ్య చాలాకాలం వాదన నడిచింది. ఒక వర్గం 410 రోజుల చుట్టూ, మరో వర్గం 540 రోజుల చుట్టూ లెక్క చెప్పాయి. 1994 డిసెంబరులో ఎ వెలుగు చటుక్కున తగ్గింది. అదే తగ్గుదల 1996 ఫిబ్రవరిలో బి లో కనిపించడంతో ఆ వాదన తేలిపోయింది. అప్పటి మార్పు మాగ్నిట్యూడ్‌లో పదో వంతు స్థాయిది. అంత చిన్న తేడాను పట్టుకోవాలంటే మీ కొలత మాగ్నిట్యూడ్‌లో రెండు మూడు శతాంశాల వరకు నమ్మదగినదై ఉండాలి. అందుకు ఫ్రేములోని స్థిరమైన నక్షత్రాలు మూడు నాలుగింటిని ప్రమాణంగా పెట్టుకుని, ప్రతి రాత్రీ వాటితోనే పోల్చాలి. ఎ వెలుగు బి కొలతలో కలవకుండా, చుట్టూ వేసే కొలత వలయం వ్యాసార్ధాన్ని 3 ఆర్క్‌సెకన్ల లోపే ఉంచాలి. 417 రోజులంటే ఒక ఏడాది మీద 52 రోజులు కాబట్టి అదృష్టవశాత్తూ జోడీ తేదీ కూడా అనుకూల కాలంలోనే పడుతుంది. ఈ జనవరి 10న ఎ చూపిన వెలుగుకు జోడీ, బి లో వచ్చే ఏడాది మార్చి 3 ప్రాంతంలో వస్తుంది. ఆ వారంలో మబ్బు లేని రాత్రి దొరికితే అదే ఫిల్టర్‌తో, అదే ఎక్స్‌పోజర్‌తో మళ్లీ తీయండి.